చేపనీళ్ళు పోసిన మొక్కలు

గంజాయి మొక్క ఇంట్లో పెంచుకుంటే నేరం కాదని ప్రభుత్వం ప్రకటించిన ఏడాది, వానాకాలంలో నా భార్య బువాలై చనిపోయింది. ఆ వానాకాలం నేను చేసిన పనల్లా నాలుగు మొక్కలకు మట్టి కలపడం, ఎరువు పెట్టడం. వరి పొలం పక్కింటివాళ్ళకు పాలికిచ్చేశాను.

ఆమెకు వచ్చింది పిత్తనాళంలో క్యాన్సర్. మా జలాశయం చుట్టూ ఉన్న ఊళ్ళకు అది కొత్త జబ్బు కాదు. పచ్చి చేపలోని పురుగు కాలేయంలో చేరి ఏళ్ళ తరబడి అక్కడే కాపురం చేస్తుంది. చేపను సన్నగా కొట్టి, కారమూ వేయించిన బియ్యప్పొడీ కలిపి, పొయ్యి ఎక్కించకుండా తింటారు ఇక్కడ. కొయ్ అంటారు దాన్ని. నేను తినను. మాది కొండ పక్క ఊరు. ఇక్కడ పెళ్ళయ్యాక మగవాడే అత్తగారింటికి వస్తాడు. అట్లా వచ్చినవాణ్ణి.

"ఇంటికి తీసుకుపోండి. తినగలిగిందేదో పెట్టండి" అన్నాడు ఆస్పత్రిలో డాక్టరు.

తినగలిగింది ఏమీ లేదు. అన్నం ఆవిరి తగిలినా ముఖం తిప్పుకునేది. కళ్ళు పసుపు. చర్మం దురద. నేను ముద్ద చేసి నోటి దగ్గర పెడితే, పసిపిల్ల మందు మింగినట్టు మింగేది. కాసేపటికి అది బయటికి వచ్చేది.

"మా అమ్మ రోజుల్లో ప్రతి వంటింటి వెనకా ఒక గంజాయి మొక్క ఉండేది అల్లుడా" అంది మా అత్త ఒక పొద్దున, ఆకూవక్కా నములుతూ. "జబ్బు పడ్డ మనిషికి కోడికూరలో నాలుగు చిగుళ్ళు వేసి పెట్టేవాళ్ళం. పాడె మీదున్నోడు కూడా లేచి ఇంకో ముద్ద అడిగేవాడు."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు వెయ్యలేదు?"

"నిన్ను పోలీసులు పట్టుకుపోతే నా పొలం ఎవరు దున్నుతారు?"

ఆ మాటకు బువాలై నవ్వింది. పెళ్ళాం నవ్విందని మర్నాడే విత్తనాలు సంపాదించి తెచ్చాను.

మట్టి కోసం పట్నం పోయాను. మొక్కల దుకాణాల్లో ఆ ఏడు ఎక్కడ చూసినా అదే ఆకు బొమ్మ. ఎరువు సంచీ మీద ఆకు, కుండీ మీద ఆకు, దుకాణం పిల్ల చొక్కా మీద ఆకు.

"పెదనాన్నా, ఇది గంజాయికని ప్రత్యేకంగా చేసిన మట్టి" అంది ఆ పిల్ల.

"అందులో ఏముంది?"

"అన్నీ ఉన్నాయి."

"అన్నీ అంటే?"

సంచీ తిప్పి చదివింది. ఆమెకూ అర్థం కాలేదు. నిద్రగన్నేరు ఆకు కుళ్ళబెట్టి చేసిన మట్టి రెండు సంచులు తీసుకుని వచ్చేశాను. అదైతే నాకు తెలిసిన చెట్టు.

ఇంటి కింద, స్తంభాల మధ్య వెదురు మంచం మీద బువాలై పడుకుని ఉంది. సంచీ కోసి ఆమె పక్కన పెట్టాను. చెయ్యి లోపలికి పెట్టింది. అక్కడే ఉంచింది.

"ఇది ఇంకా ఉడుకుతా ఉంది. విత్తనం పెడితే పలావైపోద్ది."

నేనూ చెయ్యి పెట్టి చూశాను. గుడ్డును పొదిగే కోడి కడుపులాగా వెచ్చగా ఉంది. డబ్బు పోసి కుళ్ళీ కుళ్ళని ఆకు తెచ్చాను.

"తిరిగి ఇచ్చేసి వస్తాను."

"ఎందుకూ? నీళ్ళు చల్లి, గోనె కప్పి, రోజూ తిరగెయ్. చల్లారాక వాడుకుందాం."

"అందాకా?"

"అందాకా నేనెక్కడికీ పోనులే."

అది చల్లారేదాకా మిగతావి సమకూర్చాను. ఆమె చెప్పేది, నేను తెచ్చేవాణ్ణి. పొలం మన్ను తెస్తే పారబోయించింది. "వరికి కాళ్ళు నానినా పర్లేదయ్యా. దీనికి కాళ్ళు ఆరాలి." కాల్చిన వరి ఊక తెచ్చాను. కొబ్బరిపొట్టు తెచ్చి ఉప్పు పోయేదాకా కడిగాను. గేదె పేడ కిందటేడుది, చేతిలో పొడి అయ్యేది, వాసన లేనిది కావాలంది. పుట్టమన్ను కొంచెం వెయ్యమని అత్త అంటే వద్దంది. "అది ఎండితే ఇటుక." అన్నీ కలిపాక పిడికిట్లో నొక్కి చూడాలి. ముద్ద కట్టాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. ఆమె పిడికిలికి బలం లేదు. అందుకని నేను నొక్కి అరచెయ్యి చాపితే, ఆమె వేలితో పొడిచేది.

"ఇంకొంచెం ఊక వెయ్" అనేది. వేసేవాణ్ణి. నొక్కేవాణ్ణి. పొడిచేది. ఒక మధ్యాహ్నమంతా అట్లా గడిచింది. ఆ వానాకాలంలో మేమిద్దరం నొప్పి మాట ఎత్తకుండా గడిపిన మధ్యాహ్నం అదే.

పాత రంగు డబ్బాలకు అడుగున కాల్చిన చువ్వతో బెజ్జాలు వేసి, మట్టి నింపాను. నాలుగు మొలిచాయి. ఆమె మంచం మీంచి కనపడేచోట, చూరు నీళ్ళు పడకుండా వరసగా పెట్టాను.

ఎరువు ఎప్పుడెప్పుడు పెట్టాలో కూడా ఆమే చెప్పింది. "అష్టమికీ పున్నానికీ అమాసకీ పెట్టు. ఆ రోజుల్లో మనం ఎట్లాగూ గుడిలో సాములకు అన్నం పెడతాం. వీటికీ పెడితే మర్చిపోం. మధ్యలో వట్టి నీళ్ళు. అదీ డబ్బా ఎత్తి చూసి, తేలిగ్గా ఉంటేనే."

"వారానికోసారి సరిపోతుందా?"

"బక్కమనిషికి ఒకేసారి కుక్కకూడదు" అంది. నా వంక చూడలేదు. నేను ముద్దలు కుక్కడం ఆ రోజుతో మానేశాను.

నెల దాటేసరికి కింది ఆకులు పచ్చబడ్డాయి. పచ్చ అంటే ఆమె కళ్ళ పచ్చ. నాకు భయం వేసింది. ఆమెకు చెప్పకుండా పట్నం పోయి తెల్ల గుళికలు తెచ్చి, అష్టమిదాకా ఆగలేక, ఒక గుప్పెడు ఎక్కువే వేశాను. మూడు రోజుల్లో ఆకుల కొసలు మాడిపోయి కొక్కేల్లాగా వంగాయి.

ఆమె మంచం మీంచి చూసింది. "ఏం పెట్టావు?"

చెప్పాను.

"నీళ్ళు పొయ్యి. కిందినుంచి కారిపోయేదాకా పొయ్యి. మూడు బక్కెట్లు. మట్టి కడుక్కోవాల. తర్వాత కంపున్‌ని అడుగు. వాడి దగ్గర చేపనీళ్ళుంటాయి."

కంపున్ ఆమె తమ్ముడు. జలాశయంలో వల వేసి బతుకుతాడు. నాలాగా వాడూ అత్తవారింట, ఊరి ఆ చివర ఉంటాడు. పడిన చేపల్లో అమ్ముడుపోని పేగులూ తలకాయలూ బెల్లపు మడ్డిలో వేసి నెలల తరబడి పులియబెడతాడు. అది ఒక గరిటె బక్కెట్టు నీళ్ళలో కలిపి పోస్తే ఎండిన మొక్క కూడా ఆకు వేస్తుందని ఊరంతా కొనుక్కుంటారు.

వాణ్ణి అడగమంది.

ఆస్పత్రివాళ్ళు ఏటా ఊళ్ళోకి వచ్చి పరీక్షలు చేసేవాళ్ళు, పురుగు మందు ఇచ్చేవాళ్ళు. పచ్చిది తినొద్దని బొమ్మలు చూపించేవాళ్ళు. "మందు మింగితే పురుగు చస్తది. మళ్ళీ తింటే మళ్ళీ మింగుదాం. మందు ఊరికే ఇస్తన్నారు కదా బావా!" అని కంపున్ ఏటా అదే మాట అని నవ్వేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. బువాలై కూడా. ఆ సాయంత్రమే వాడు వల దులిపి, కొయ్ కొట్టి, గిన్నెడు అక్క దగ్గరికి పట్టుకొచ్చేవాడు. నేను అరిస్తే, "కొండోళ్ళకి రుచి ఏం తెలుసు" అనేవాళ్ళు. నేను లేచి బయటికి పోయేవాణ్ణి.

ఆస్పత్రి నుంచి ఆమెను తెచ్చిన రోజున వాడు చూడ్డానికి వస్తే కంచె దగ్గరే ఆపేశాను.

"ఇది నా ఇల్లు అల్లుడా" అంది మా అత్త. "వాడు నా కడుపున పుట్టినోడు."

"అయితే నేను పోతాను. ఆమె కింద గుడ్డలు వాడు మారుస్తాడు."

అత్త లోపలికి పోయింది. అప్పట్నుంచి కంపున్ కంచె అవతల నిలబడే అక్కతో మాట్లాడేవాడు. "ఎట్లా ఉన్నావక్కా?" అని వాడు కేకవేస్తే, "చచ్చేదాకా బాగానే ఉంటానురా" అని ఈమె కేకవేసేది. ఆ కేకకే ఆయాసం వచ్చేది. అయినా రమ్మనలేదు నేను.

"వాడి చేప ఈ ఇంట్లోకి రాదు" అన్నాను.

"మొక్కకి లివరుందా ఏంది?"

నేను బక్కెట్టు అందుకున్నాను.

"చెప్పు మరి. ఉందా? ఆకు పీక్కుని ఆస్పత్రికి తీసుకుపో, పరీక్ష చేస్తారేమో" అంది. పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వు నొప్పిగా మారాక ఆపింది. "కాచే కదయ్యా తినేది ఆ ఆకుని. ఎందుకింత మొండితనం?"

చేపనీళ్ళ డబ్బా రావచ్చు గాని మనిషి రాకూడదన్నాను. కంపున్ డబ్బా తెచ్చి కంచె గుంజకు తగిలించి పోయాడు. నేను మూత తీశాను. ఆ కంపుకు తల పక్కకు తిప్పుకున్నాను. బువాలై మాత్రం మంచం మీంచి ముక్కు ఎగబీల్చి, "బాగా ఊరింది" అంది. పున్నానికి ఒక గరిటె, అష్టమికి ఒక గరిటె, అమాసకు ఒక గరిటె. చేత్తో తాకకుండా పోశాను.

మొక్కలు నడుం ఎత్తు లేచాయి. ఆకులు నల్లబడినంత పచ్చగా, అరచెయ్యంత వెడల్పుగా వచ్చాయి. వాడికి ఆ సంగతి నేను చెప్పలేదు. వాడికి కనపడుతూనే ఉంది.

చిగుళ్ళు గిల్లుకోవచ్చని అత్త చెప్పిన రోజున కోడిని కోశాను. ఆమె నిమ్మగడ్డీ, పుల్లటాకూ, దంచిన మిరపకాయలూ వేసి, చివర చిగుళ్ళు తుంచి వేసింది. ఇంటి కింద వాసన నిండింది. బువాలై లేచి కూర్చుంది. ఎవరూ పట్టుకోకుండా కూర్చుంది. కొంచెం రసం తాగింది. కాసేపటికి ఇంకొంచెం తాగింది.

"ఏముందే పైన, అట్లా చూస్తన్నావు?" అంది అత్త.

"అమ్మా, ఆ బల్లి చూడు. మన గుడి పెద్దసామిలాగా లేదూ? అదే పొట్ట."

అత్త తలెత్తి చూసింది. "నోరు మూసుకో, పాపం తగలద్ది" అని తనే ముందు నవ్వింది. ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు. బువాలై నవ్వుతూ నవ్వుతూ జిగురన్నం బుట్టలోకి చెయ్యి పెట్టి, ఉండ చుట్టుకుని, రసంలో ముంచి తినేసింది. తినేశానన్న సంగతి ఆమె గమనించలేదు. నేను కదలకుండా కూర్చున్నాను. కదిలితే ఆగిపోతుందేమోనని. తిన్నది కడుపులో నిలిచింది. ఆ రాత్రి తెల్లారేదాకా నిద్రపోయింది.

పొద్దున్నే కళ్ళు తెరిచి, "నాకు ఆకలేస్తా ఉంది" అంది.

నేను ఆ మాట వినడానికే ఆ మట్టి అంతా కలిపింది. మొక్కల ముందు నిలబడి ఒక క్షణం ముఖం తుడుచుకుని వచ్చాను.

"ఏం చెయ్యమంటావు? కోడి ఉంది. గుడ్డు ఉంది. పట్నం నుంచి ఏదైనా తెమ్మన్నా తెస్తాను."

ఆమె ఆలోచించింది. పెళ్ళిచూపుల్లో తల దించుకున్న పిల్లలాగా దుప్పటి అంచు లాక్కుంటూ, "కొయ్ తినాలని ఉంది" అంది.

"కుదరదు."

"కొంచెం. రెండు ముద్దలు."

"కుదరదన్నాను."

"ఇంక నన్నదేం చేస్తదయ్యా? చేసేది చేసేసింది కదా."

"బువాలై, ఇంకేదైనా అడుగు."

"ఇంకేదీ అనిపించట్లేదు" అంది. కోపంగా కాదు. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది.

కబురు అత్త మోసుకుపోయిందని నాకు తెలుసు. మర్నాటి సాయంత్రం కంపున్ కంచె దగ్గరికి వచ్చాడు. చేతిలో గిన్నె. మీద అరిటాకు కప్పి ఉంది. బువాలై అప్పటికే దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. జుట్టు దువ్వించుకుంది.

నేను వెళ్ళి కంచె తలుపుకు అడ్డంగా నిలబడ్డాను.

"వెనక్కి పో."

"బావా, అడిగింది."

"అడిగితే పెడతావా?"

"అడిగింది బావా. ఎన్నాళ్ళకి అడిగింది. ఇప్పుడే పట్టిన చేప."

"నువ్వు పెట్టి పెట్టే ఇంతదాకా తెచ్చావు. చివరిది కూడా నీ చేత్తోనే పెట్టాలా?"

వాడి ముఖం ఎట్లా అయిందో వర్ణించను. నాకు జాలి కలగలేదు. గిన్నె అటూ ఇటూ మార్చి పట్టుకున్నాడు. నా భుజం మీదుగా అక్క వంక చూశాడు. తర్వాత గిన్నె ఎదురుగా కాలవలో బోర్లించి, అక్కడే నీళ్ళతో కడుక్కుని వెళ్ళిపోయాడు.

నేను వెనక్కి తిరిగేసరికి ఆమె పడుకుని ఉంది. ముఖం అవతలి వైపు.

మర్నాడు నేనే సంతకు పోయాను. జలాశయం చేప కాదు, చెరువులో పెంచిన చేప తెచ్చాను. ఆమె కత్తితో, ఆమె చెక్క మీద, ఆమె కొట్టినంత సన్నగా కొట్టాను. మూకుడులో వేసి బాగా ఉడికించాను. నిమ్మకాయ పిండాను. వేయించిన బియ్యప్పొడి, కారం, పుదీనా వేశాను. మొక్కల చిగుళ్ళు కూడా వేశాను. పళ్ళెం తెచ్చి పక్కన పెట్టాను.

ఆమె పళ్ళెంలోకి చూసింది. ఉడికిన చేప తెల్లగా ఉంటుంది. చిన్న ఉండ చుట్టి, కొంచెం అద్దుకుని నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది. నా చెయ్యి మీద చెయ్యి వేసి, "కష్టపడ్డావు" అంది.

రెండో ముద్ద తియ్యలేదు.

ఆ తర్వాత కోడి వండాం, చిగుళ్ళు వేశాం. అష్టమికి చేపనీళ్ళు పోశాను. మొక్కలు తింటూనే ఉన్నాయి. ఆమె ఆకలి మాత్రం మళ్ళీ రాలేదు. ఏం పెట్టినా, నేను నొచ్చుకోకుండా ఒక చుక్క నాలిక మీద వేసుకుని చాలనేది. శ్రావణ పున్నమి వెళ్ళాక, వాన వెలిసిన ఒక మధ్యాహ్నం, పక్కన నేను మందు కలుపుతుండగా పోయింది. నేను గ్లాసు పట్టుకుని తిరిగి చూసేసరికి అయిపోయింది.

చావింట్లో ఈ ఊళ్ళో ఏడుపుండదు. వండుతారు, పేకాడతారు, నవ్వుతారు. చచ్చినవాళ్ళు ఒంటరివాళ్ళమని అనుకోకూడదని. కంపున్ మూడు రోజులూ వచ్చాడు. అత్త ఇల్లు, శవం వాడి అక్కది, ఆపే హక్కు నాకు లేకపోయింది. వాడు కట్టెలు కొట్టాడు, నీళ్ళు మోశాడు. నాతో మాట్లాడబోయాడు రెండుసార్లు. నేను పక్కకు తప్పుకున్నాను. వాడు మంచివాడని అందరూ అంటారు. నేను కాదనను. మంచివాళ్ళే గిన్నెలు పట్టుకొచ్చేది.

అంత్యక్రియలైన కొన్ని రోజులకే నేల మీద ముద్దలు పెట్టే అమావాస్య వచ్చింది. ఆ రోజు తెల్లవారుజామున చచ్చినవాళ్ళకు ఆకలితో తిరగడానికి సెలవు దొరుకుతుందంటారు. ప్రతి ఇంటివాళ్ళూ వాళ్ళ వాళ్ళకు ఇష్టమైన తిండి అరిటాకుల్లో పొట్లం కట్టి, గుడి ప్రహరీ వెంట నేల మీద పెడతారు.

"దానికి ఏం కట్టమంటావు అల్లుడా?" అని ముందురోజు అత్త అడిగింది.

"నేను కడతాను" అన్నాను.

సంతకు పోలేదు. జలాశయం ఒడ్డున వేరేవాళ్ళ వల దగ్గర చేప కొన్నాను. ఇంటికి తెచ్చి కొట్టాను. మూకుడు ముట్టుకోలేదు. కారం, బియ్యప్పొడి, పుదీనా వేశాను. మొక్కల దగ్గరికి పోయి చిగుళ్ళు గిల్లాను. నిమ్మకాయలు రెండు పిండాను. అత్త గుమ్మంలో నిలబడి చూసింది. అరిటాకులు తుడిచి ఇచ్చింది.

ఇంకా చీకటి విడవకముందే ప్రహరీ దగ్గరికి పోయాం. జనం కొవ్వొత్తులు ముట్టించుకుంటున్నారు. నేను ఒక చెట్టు వేరు పక్కన చదును చూసి కూర్చుని పొట్లం విప్పాను. పక్కన ఎవరో కూర్చున్నారు. తల తిప్పకుండానే తెలిసింది.

కంపున్ తన పొట్లం విప్పాడు. వాసన అదే. కొవ్వొత్తి వెలుగులో నా ఆకులోకి చూశాడు. చేప పచ్చిదని వాడికి తెలియకుండా ఉండదు.

"నిమ్మకాయ పిండావా బావా?"

నేను ఆకు అంచులు సర్దాను.

"అక్క నిమ్మకాయతో తినదు. మామిడిచెట్టు ఎర్రచీమలు నలిపి వేసుకుంటది పులుపుకి. చిన్నప్పట్నుంచీ అంతే. నిమ్మకాయైతే నోట్లో పెట్టేది కాదు."

ముప్పై ఏళ్ళు ఆమె తినేటప్పుడు నేను లేచి బయటికి పోయినవాణ్ణి. నాకెట్లా తెలుస్తుంది?

కొవ్వొత్తులు ఒక్కొక్కటే ఆరుతున్నాయి. తూర్పున తెలుపు పడుతోంది. ఇంకాసేపట్లో చచ్చినవాళ్ళు తిరిగి వెళ్ళిపోతారు.

"చీమలున్నాయా నీ దగ్గర?" అన్నాను.

వాడు తన ఆకులోంచి, చీమలు నలిపి కలిపిన కొయ్ మూడు వేళ్ళతో తీశాడు. నేను నా ఆకులో ఉన్నది మట్టిలోకి వంచేసి, ఖాళీ ఆకు వాడి ముందు చాపి పట్టుకున్నాను.